కంప్యూటర్ గది గడప

“దొంగల్ని పట్టేది కంప్యూటరే కావచ్చు. కానీ అందులోని ప్రజల వివరాలను కాపాడేది మనిషి!” అని ఇన్‌స్పెక్టర్ శ్రీనివాసరావు గారు సెలవిచ్చారు. రెండు వేల నాలుగులో, శామీర్‌పేటకూ మేడ్చల్‌కూ నడుమ ఉన్న ఒక ఠాణాలో. ఠాణా పేరు చెప్పడం బాగుండదు, అక్కడ రహస్యాలంటే ప్రాణం పెడతారు.

సారు చెప్పిన ఆ మనిషి హెడ్ కానిస్టేబుల్ గౌరయ్య. తన మీద అంత బరువు పెట్టినందుకు ఆయన చాలా పొంగిపోయాడు. కంప్యూటర్ గదికి రెండు తాళాలు పడ్డాయి. పాస్‌వర్డు ముగ్గురికే తెలుసు. రహస్య కాగితం గౌరయ్య చెయ్యి దాటకూడదని ఆర్డరు. దుమ్ము పడితే వివరాలు పాడవుతాయి కనుక బూట్లతో లోపలికి రాకూడదని ఇంకో ఆర్డరు.

గౌరయ్యకు మోకాళ్లు వంగవు. లేసులు విప్పి మళ్లీ కట్టుకునేసరికి పావుగంట. అందుకని రెండు ఆర్డర్లనూ ఒకేసారి పాటిస్తూ, ఆయన గడప ఇవతలే నిలబడి కాగితం చదివేవాడు, లోపల కంప్యూటర్ ఆపరేటర్ శైలజ టైపు కొట్టేది. కూలరు రొదలో వినపడాలిగా, కాస్త గొంతు పెంచేవాడు.

ఒకరోజు చేపలు పట్టే సిద్దమ్మ భయపడుతూ వచ్చింది. ప్లాట్లు అమ్మే గోపాలరావు గారు చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే భూమిలో, మట్టి పోయిస్తున్నారని చెప్పి, కాగితం మీద వేలిముద్ర వేసింది.

“నా పేరు బైటికొస్తే మమ్ముల బతకనియ్యడు సారూ.”

“ఫికర్ జెయ్యకు సిద్దమ్మా. గీడికెళ్లి పిట్టకు గూడ తెల్వది,” అన్నాడు గౌరయ్య. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆమె వెళ్లగానే గడప దగ్గర నిలబడ్డాడు.

“పైన రహస్యం అని కొట్టినవా శైలజా? పేరు సిద్దమ్మ. భర్త వీరయ్య. ఇల్లు చెరువు కట్ట కింద. మట్టి పోస్తున్న సర్వే నంబరు రెండొందల పద్నాలుగు...”

“రెండొందల పదహారు అండీ,” అంది వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ మీంచి ఒక మర్యాదైన గొంతు.

గౌరయ్య కాగితం మీంచి తలెత్తకుండానే థాంక్స్ చెప్పి, నంబరు దిద్దించాడు. పాస్‌పోర్టు విచారణకు వచ్చిన గోపాలరావు గారే ఆ గొంతు అని తెలుసుకునేసరికి, బెంచీ మీద ఖాళీ టీ గ్లాసు మాత్రమే మిగిలింది.

మర్నాడు సిద్దమ్మ తన వలలను గంపలో తెచ్చింది. అన్నీ ముక్కలే. ఇంట్లో పొయ్యి వెలిగేది వాటితోనే. గౌరయ్య ఆమెను ఇన్‌స్పెక్టర్ గదికి తీసుకెళ్లాడు.

“సార్, నేనే జర గట్టిగ సదివిన,” అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో.

“పాస్‌వర్డు ఎవరికైనా చెప్పావా?”

“లేదు సార్.”

“తాళాలు?”

“ఏసే ఉన్నయి.”

“అయితే డేటా భద్రంగానే ఉంది. నోటితో చదివింది డేటా కిందికి రాదయ్యా!” అని సారు విచారణ ముగించారు.

“నా కాగితం నకలన్న ఇయ్యుండ్రి. కలెక్టరు దగ్గరికి పోత,” అంది సిద్దమ్మ.

“కుదరదమ్మా. అది రహస్య పత్రం,” అన్నారు సారు.

“నేను జెప్పిందే గద సారూ?”

“ఎవరు చెప్పినా సరే. మీ వివరాలు కాపాడటం మా బాధ్యత.”

సిద్దమ్మ గంప నెత్తికెత్తుకుంది.

“ఇగ గోపాలరావు సారునే అడుగుత. గాయనకు నోటికొచ్చు.”