పోటీ లేని మొదటి స్థానం

ప్రతి మనిషికీ ఏదో ఒకదాంట్లో మొదటి స్థానం దక్కి తీరుతుంది. పోటీ లేని చోటు చూసుకుని నిలబడటమే తరువాయి. ఈ సత్యం చొప్పదండిలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే ముత్యానికి నలభై ఆరో ఏట, కరీంనగర్‌లో దుకాణాల పేర్లను ఫోన్ వెతుకులాటలో ముందుకు తెచ్చిపెట్టే భానుప్రసాద్ ఆఫీసులో, ఏసీ కింద కూర్చున్నప్పుడు తెలిసింది.

అక్కడిదాకా వెళ్లడానికి కారణం ఓంప్రకాశ్. చొప్పదండి బస్టాండు దగ్గర కొత్తగా వైండింగ్ షాపు పెట్టాడు. ఫోన్‌లో వెతికితే అతని పేరే ముందు వస్తోంది. యాసంగి పంటకాలంలో మోటార్లు కాలే ఆ మూడు నెలల పనే ముత్యం ఇంటికి ఏడాది తిండి. అది చేజారుతుందేమోనని అతనికి నిజంగానే గుబులు పట్టుకుంది.

"అన్నా, 'మోటర్ వైండింగ్' అన్న మాటకు మస్తు పోటీ ఉంది. తక్కువ పోటీ ఉన్న మాట పట్టుకుందాం. జర ఓపిక పట్టు," అన్నాడు భానుప్రసాద్. (పోటీ ఉన్న చోటే గిరాకీ ఉంటుంది కనుక అటు వెళ్లరాదన్నది ఆయన శాస్త్రంలో మొదటి నియమం.)

ఊరి పేరు కలిపారు. ఇంకా ముగ్గురున్నారు. 'ఐదు హార్స్‌పవర్' కలిపారు, ఇద్దరు మిగిలారు. 'నమ్మకంగా' కలిపినా ఓంప్రకాశ్ కదల్లేదు. చివరికి ముత్యం పేరే కలిపారు. పోటీ సున్నా. భానుప్రసాద్ లేచి కరచాలనం చేశాడు.

"నీ పేరు ఎరికున్నోడు ఫోన్ల దేవులాడుడెందుకు? సీదా షాపుకే వస్తడు గదా," అంది ముత్యం భార్య వినోద.

"నీకు తెల్వదు. గిది టెక్నిక్."

రెండో నియమం ప్రకారం బోర్డు మీది ఫోన్ నంబరు చెరిపేశారు. జనం నేరుగా ఫోన్ చేస్తే వెతుకులాట లెక్క పాడవుతుందట. నంబరు చోట ఆ కొత్త మాట రాసి, కింద 'వెతకండి' అని పెట్టారు. మొదటి నెలలో నలభై ఒక్కసారి వెతికారు. ముప్ఫై ఎనిమిది సార్లు ముత్యమే. రెండు సార్లు వినోద, మొగుడు ఇంకా అందులోనే ఉన్నాడా అని. మిగిలిన ఒక్కటీ రిపోర్టు కోసం భానుప్రసాద్.

మొదటి స్థానం వచ్చినందుకు శాలువా కప్పుతాం, రమ్మని మార్చిలో భానుప్రసాద్ ఆఫీసు నుంచి కబురొచ్చింది.

"ఇయ్యాల పోకు. మోటర్ కాలినోడు ఫోన్ చూడడు, షటర్ చూస్తడు," అంది వినోద.

ముత్యం షటర్ దించి బస్సెక్కాడు.

పది గంటలకు పక్క ఊరి రైతు అంజన్న ట్రాక్టర్ మీద కాలిన మోటారుతో వచ్చాడు. వరి పొట్ట మీదుంది, రెండు రోజులు నీళ్లందకపోతే పంట పోయినట్టే. షటర్ మూసి ఉంది. బోర్డు మీద నంబరు లేదు. పాపం, రాసి ఉన్నదంతా చదువుతూ ఫోన్‌కు చెప్పాడు: 'చొప్పదండిలో ఐదు హార్స్‌పవర్ మోటర్‌ను నమ్మకంగా వైండింగ్ చేసే ముత్యం.' మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ముత్యమే మొదట వచ్చాడు, రెండో స్థానంలో ఎవరూ లేరు. దారి చూపమన్నాడు.

"మీరు గమ్యస్థానానికి చేరుకున్నారు," అంది ఫోన్.

"చేరుకున్న సరే, షటర్ ఎవ్వలు తీస్తరు?" అని అంజన్న ట్రాక్టర్‌ను బస్టాండు వైపు తిప్పాడు.

సాయంత్రం ముత్యం శాలువాతో దిగేసరికి ఓంప్రకాశ్ ఆ మోటారుకు తీగ చుడుతున్నాడు. నెలాఖరు రిపోర్టులో భానుప్రసాద్ రాశాడు: 'వెతికిన కొత్తవారు ఒకరు. దుకాణం దాకా వచ్చినవారు ఒకరు. ఫలితం నూటికి నూరు.'