శనివారం ఇనుము

ఆ శనివారం నూకన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్న ఆరింటికి తన డింగీ పడవ ఇంజన్ ఒకసారి తిప్పి చూసుకోవాలి. ఏడింటికల్లా ఇంటికొచ్చి చద్దన్నంలో ఎండుచేప నంజుకుని తినాలి. ఆ తర్వాత పడవ ముక్కుకు ఎర్ర రంగు వేసి, సాయంత్రం దాకా రేవులోనే కూర్చుని వచ్చేపోయేవాళ్ళ చేత పొగిడించుకోవాలి.

పొగడ్తలకు కారణం లేకపోలేదు. తెల్లారితే గంగమ్మ సంబరం. అమ్మవారి ఘటాన్ని సముద్రంలోకి తీసుకెళ్ళే భాగ్యం పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్ రేవులో ఏడాదికొక్క పడవకే దక్కుతుంది. చీటీలు వేసి తీస్తారు. నూకన్న తాత శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి వచ్చిన నాటి నుంచీ ఆ ఇంటి చీటీ ఒక్కసారీ లేవలేదు. ఈ ఏడు లేచింది. అయితే పడవ కదలకపోతే వంతు రెండో చీటీవాడికి పోతుంది. రెండో చీటీ అప్పలరాముడిది. వరసకు అతను నూకన్నకు బావే గానీ, ఇద్దరి మధ్యా బావమరుదుల ముచ్చట్లకన్నా పోటీలే ఎక్కువ.

తాడు లాగగానే ఇంజన్ అందుకుంది. రెండు నిమిషాలు చక్కగా మోగింది, దగ్గింది, ఆగిపోయింది. మళ్ళీ లాగితే మళ్ళీ రెండు నిమిషాలే. "కార్బురేటర్లో చెత్త పడింది," అని నూకన్న తేల్చేశాడు. ఇంజన్ రోగం తేల్చడం అతనికి చిటికెలో పని. వైద్యం దగ్గరే ఎప్పుడూ ఆలస్యమయ్యేది. కార్బురేటర్ మూతకు నాలుగు బోల్టులున్నాయి. వాటి తలల నడుమ చిన్న చిన్న గుంటలు. ఇంట్లో ఉన్న పానాలూ స్క్రూడ్రైవర్లూ అన్నీ తెచ్చి చూశాడు. ఒక్కటీ ఆ గుంటలో దిగలేదు.

కొత్త సామాను కొనక తప్పదు. ఇంజన్‌ని బజారుకు మోసుకెళ్ళలేడు కనుక ఒక ఉపాయం చేశాడు. భార్య ఎరుకమ్మ వాడే బట్టలసబ్బు తీసుకొచ్చి, బోల్టు తలకు గట్టిగా నొక్కి, అచ్చు తీశాడు. గుంట ఆకారం సబ్బు మీద బొడిపెలా లేచింది. తన తెలివికి తానే మురిసిపోయి, సబ్బును చొక్కా జేబులో వేసుకుని అబర్డీన్ బజార్ బస్సెక్కాడు.

దారిలో వాన కొట్టింది. కిటికీకి రేకు లేదు. బస్సు దిగేసరికి నూకన్న జేబు నురగ కక్కుతోంది.

పనిముట్ల షాపువాడు రెండు ముక్కలు బల్ల మీద పెట్టాడు. "దేఖో భయ్యా, యే హెక్స్, యే స్టార్." ఒకదాని కొనకు ఆరు పలకలున్నాయి. రెండోదాని కొన ఆరు రేకుల పువ్వులా ఉంది. "ఆప్‌కా బోల్ట్ కౌన్‌సా హై?" అని బోల్టు రకం అడిగాడు.

నూకన్న ధీమాగా సబ్బు తీసి ఇచ్చాడు. షాపువాడు దాన్ని వెలుతురుకు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "యే తో లడ్డూ హై," అన్నాడు.

పలకలా, రేకులా అని నూకన్న కళ్ళు మూసుకుని గుర్తు చేసుకోబోయాడు. కాసేపు పలకలు కనిపించాయి, కాసేపు రేకులు. అంతలో షాపువాడు మరో రకం తీశాడు. అదీ స్టారే, కానీ నడుమ బెజ్జం ఉంది. బోల్టు గుంట మధ్యలో చిన్న మేకులాంటిది ఉంటే ఇదే పట్టుకెళ్ళాలట. ఉందో లేదో నూకన్నకు తెలియదు. పైగా ప్రతి రకంలోనూ అరడజను సైజులు.

"అన్నీ ఉన్న డబ్బా ఏదైనా ఉందేటి భయ్యా? సబ్ మిలాకే?"

ఉంది. పలకలవీ, రేకులవీ, బెజ్జాలవీ, అన్నిటినీ తిప్పే పిడితో కలిపి నలభై ముక్కల నల్ల పెట్టె. 'నలభైలో ఒక్కటైనా నాది కాకపోతుందా,' అనుకుని కొనేశాడు. పెట్టె చంకలో పెట్టుకుని ఇంటి ముందు బస్సు దిగినప్పుడు నూకన్నంత సుఖంగా ఉన్న మనిషి పోర్ట్ బ్లెయిర్‌లో లేడు.

ఎరుకమ్మ గుమ్మంలో ముగ్గు వేస్తోంది. తలెత్తకుండానే అడిగింది. "ఆ పెట్టేటి?"

"సాకెట్ సెట్టు."

"ఇనుమా?"

"ఇనుము కాదే. క్రోమ్ వెనేడియం. పైన రాసుంది."

"అయస్కాంతానికి అంటుకుంటాదా?"

నూకన్న కాసేపు ఆలోచించాడు. "అంటుకుంటాది."

"మరి ఇనుమే గదా. ఈయేళ ఏ వారం?"

అప్పుడు వెలిగింది నూకన్నకు. శనివారం. శనివారం నాడు ఇనుము కొనకూడదు, కొన్నా ఇంట్లోకి తేకూడదు. అందులోనూ తెల్లారితే ఘటం ఎక్కాల్సిన పడవకు అది తగిలించడమా. ఈ సంగతి రేవుకు పెద్దదిక్కయిన అప్పలకొండమ్మ చెవిన పడితే, ఇంజన్ బాగైనా వంతు పోతుంది.

"రేపటిదాకా ఆగితే ఘటం అప్పలరాముడిది," అన్నాడు నూకన్న నీరసంగా.

ఎరుకమ్మ ముగ్గుపిండి చేతులు దులుపుకుంది. "కొన్నది మనం కాకపోతే తప్పు లేదు మావా. బదులు తెచ్చుకున్న ఇనుముకి వారమేటి?"

పక్కింటి గురునాథం ఇక్కడే పుట్టి పెరిగి, ఓడల ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. శని ఆదివారాల పట్టింపు ఆయనకు లేదు. నూకన్న పిట్టగోడ మీంచి పెట్టె అందించాడు. "ఇది మీది గురునాథం గారూ. నాను తానం చేసొచ్చి బదులడుగుతాను. మీరు ఇయ్యాల."

"నాదా? ఎలా?"

"మీదే. ఎవులడిగినా మీదే అని సెప్పాల. గంగమ్మ మీద ఒట్టు."

శనివారపు ఇనుము ముట్టుకున్నందుకు తలస్నానం చేసి రమ్మని ఎరుకమ్మ ఆజ్ఞ. జేబులోని సబ్బే వాడుకుని నూకన్న అరగంటలో తయారయ్యాడు. ఆ అరగంటే కొంప ముంచింది. గురునాథం అరవై రెండేళ్ళుగా సూది నుంచి సుత్తి దాకా అన్నీ బదులు తెచ్చుకునే బతికాడు. జన్మలో మొదటిసారి ఆయన అరుగు మీదికి బదులివ్వదగ్గ వస్తువొకటి వచ్చింది. పెట్టె తెరిచి, దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించాడు.

నూకన్న వెళ్ళేసరికి పెట్టెలో హెక్స్ ముక్కలు తప్ప ఏమీ లేవు.

"పిడేదండీ?"

"మా అల్లుడు వచ్చాడయ్యా. ఆస్టినాబాద్‌లో వాళ్ళ వాషింగ్ మెషిన్ ఊగుతోందట. పాపం, ఇచ్చాను."

"స్టార్ ముక్కలో?"

"అప్పలరాముడు అడిగాడు. నీ పడవ కదలకపోతే తన పడవ సిద్ధంగా ఉండాలట. ఎంత ముందుచూపో చూడు."

"నా సామాను వాడికి ఎలాగ..."

"నాది," అని గురునాథం మెత్తగా సరిదిద్దాడు. "గంగమ్మ మీద ఒట్టేశావు కదా."

నూకన్న ఆస్టినాబాద్ బస్సెక్కాడు. అక్కడ అల్లుడు వాషింగ్ మెషిన్‌ని నిలువునా విప్పేసి, ఏ ముక్క ఎక్కడిదో తెలియక వాటి మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మెషిన్ మళ్ళీ బిగిస్తేగానీ పిడి రాదన్నాడు. నూకన్న గంటన్నరసేపు దాని డ్రమ్మును గర్భిణీ స్త్రీ పొట్టలా ముందుకు ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. పిడి చేతికొచ్చి, రెండు బస్సులు మారి, రేవు చేరేసరికి నాలుగైంది.

అప్పలరాముడు తన ఇంజన్ ముందు కూర్చుని, స్టార్ ముక్కను పట్టకారుతో పట్టుకుని తిప్పుతున్నాడు. పిడి లేక అది తిరగడం లేదు. నూకన్న చేతిలో పిడి ఉంది, ముక్క లేదు. ఇద్దరూ ఒకరి చేతిని ఒకరు చూసుకున్నారు.

"ఆ పిడి ఇలా ఇయ్యి బావా," అన్నాడు అప్పలరాముడు.

"ఆ ముక్కే నువ్వియ్యి బావా."

ఈ మర్యాద ఎంతసేపు సాగేదో గానీ, పడవలు చూసుకోవడానికి అప్పలకొండమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. వెనక పదిహేను మంది. ఆవిడ చూపు తళతళలాడే కొత్త పిడి మీద ఆగింది. "ఆ ఇనుమెవులిదిరా? ఈయేళ కొన్నదా?"

"బావే పొద్దున్న బజార్నుంచి తెచ్చినాడంట పెద్దమ్మా," అన్నాడు అప్పలరాముడు తేనె పూసిన గొంతుతో.

"నాది కాదు పెద్దమ్మా. గురునాథం గారిది. బదులు తెచ్చినాను."

"అమ్మోరి మీద ఒట్టా?"

"ఒట్టు."

సాయంత్రం షికారుకు వచ్చిన గురునాథం సరిగ్గా అప్పుడే అక్కడికి చేరాడు. "అవును, నాదే," అన్నాడు గుంపు అంతటికీ వినపడేలా. "రాముడూ, ముక్క ఇచ్చెయ్. ముందు నూకన్న. తర్వాత నువ్వు."

స్టార్ ముక్క బోల్టు గుంటలో టక్కున దిగింది. రేకులే. నాలుగు బోల్టులూ విప్పి మూత తీసిన నూకన్నకు లోపల చెత్త కనిపించలేదు. ఇసుక లేదు, ఉప్పు లేదు, నాచు లేదు. కార్బురేటర్ కడిగిన కంచంలా ఉంది. తుడవడానికి కూడా ఏమీ లేక, మళ్ళీ మూత బిగించి తాడు లాగాడు. రెండు నిమిషాలు మోగి, దగ్గి, ఆగిపోయింది.

అప్పలరాముడు తన పడవ మీది దుమ్ము దులపడం మొదలుపెట్టాడు. నూకన్న పడవ బల్ల మీద చతికిలబడ్డాడు. మూడు తరాలకు ఒక్కసారి లేచిన చీటీ తన చేతుల్లోనే చచ్చిపోయిందని అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు ఎరుకమ్మ పడవకు బొట్లు పెట్టడానికి పసుపు గిన్నెతో దిగింది. మొగుడి మొహం చూసింది, ఇంజన్ చూసింది, పెట్రోలు ట్యాంకు చూసింది. "గాలి మర ఇప్పినావా?"

"ఏ గాలి మర?"

"ట్యాంకు మూత మీద ఉంటాది గదా. నిన్న పడవకి పసుపు నీల్లు పోస్తే లోపలికి ఎల్తాయని నానే బిగించినాను. నీకు సెప్పినాను."

"ఎప్పుడు సెప్పినావు?"

"సంబరానికి కొత్త సొక్కా ఏసుకుని అద్దంలో సూసుకుంటన్నావు. ఊఁ అన్నావు."

ఎరుకమ్మ రెండు వేళ్ళతో మర తిప్పింది. ట్యాంకు బుస్సుమని ఊపిరి పీల్చుకుంది. గాలి అందకే ఇంతసేపూ ఇంజన్‌కు పెట్రోలు దిగలేదన్నమాట. తాడు లాగితే ఇంజన్ రెండు నిమిషాలు దాటింది, ఐదు దాటింది, అప్పలకొండమ్మ చెవులు మూసుకుని ఇక చాలు ఆపమనేదాకా మోగింది.

ఆదివారం నూకన్న పడవే ఘటాన్ని మోసింది. డప్పులు మోగుతుంటే ముందు నూకన్న, వెనక పడవలో అప్పలరాముడు. పడవ ముక్కుకు రంగు వేసే తీరిక దొరకలేదు గానీ, ఎరుకమ్మ పెట్టిన పసుపు బొట్లు ఆ లోటు కనిపించనివ్వలేదు. నూకన్న తాతను తలుచుకుని ఆనందంతో కళ్ళు తుడుచుకున్నాడు.

సోమవారం పొద్దున్నే పెట్టె తెచ్చుకుందామని పిట్టగోడ దగ్గరికి వెళ్ళాడు. గురునాథం అరుగు మీద కూర్చుని ఆ పెట్టె మూత మీద తన పేరు రాసుకుంటున్నాడు. రేవు రేవంతా వింటుండగా వేసిన ఒట్టు నూకన్నకు గుర్తొచ్చింది. పిట్టగోడ మీంచి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నీకెప్పుడు కావాలన్నా మొహమాటపడకు నూకన్నా," అన్నాడు గురునాథం కుంచె ఎత్తి. "అడుగు, ఇస్తాను."

కుంచెకున్న ఎర్ర రంగు మాత్రం ఆయన నూకన్న ఇంట్లో బదులు తీసుకున్నదే.