వర్నా నోరు తెరవని రోజు

ఆ గురువారం పొద్దున్నే వర్నా అనుకున్నది ఒక్కటే, పడుకునేదాకా నోరు తెరవకూడదని. మర్నాడు నాష్‌విల్‌లో ఆమె మొదటి ఆల్బమ్ రికార్డింగు. స్టూడియో దొరికింది ఆ ఒక్కరోజుకే. గొంతు బాగా అలిసింది, ఒక్క మాట కూడా మాట్లాడకు, పాడలేకపోయావో ఆ పాటలు ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తానని నిర్మాత ముందే చెప్పాడు. పాటలేమో విస్కీ మీద, మొగుణ్ణి వదిలి పోవడం మీద. మా కెంటకీ లోయలో చర్చి పాటలు ఎత్తేది ఈ వర్నాయే. అందుకని రికార్డు బయటికొచ్చేదాకా ఎవరికీ చెప్పనని మొగుడు డోయల్ చేత ఒట్టు వేయించుకుంది. డోయల్ బొగ్గుగనికి పోయాడు.

చిక్కంతా వరండాలో వచ్చింది. వరండాలో కూర్చుని దారిన పోయేవాళ్లను పలకరించలేదంటే ఆ ఇంట్లో ఏదో జరిగినట్టే. పక్కింటి ఆల్టా అటు పోతూ బాగున్నావా అంటే వర్నా చెయ్యి ఊపింది. బీన్స్ నాటావా అంటే తల ఊపింది. ఆల్టా గబగబా ఇంటికి పోయి ఫోను ఎత్తింది. ఎవరికైనా కష్టమొస్తే చర్చి ఆడవాళ్లు ప్రార్థన చెయ్యమని ఒకరికొకరు ఫోను చేసుకుంటారు. మొదటి ఫోనులో వర్నా అలిగింది. మధ్యలో ఎక్కడో మొగుడితో చెడింది. ఆఖరి ఇంటికి చేరేసరికి పక్షవాతమొచ్చి నాలుక పడిపోయింది.

మధ్యాహ్నం నుంచి మూతగిన్నెలు దిగాయి. కష్టంలో ఉన్న ఇంటికి ఉత్తచేతులతో ఎవరు పోతారు? మొక్కజొన్న రొట్టెలు, చిక్కుడు గింజల పులుసు, యాపిల్ కేకులు. ఏమీ లేదు మొర్రో అని వర్నా చేతులు తిప్పిన కొద్దీ, పాపం చేతులు కూడా స్వాధీనం తప్పాయని కళ్లు తుడుచుకున్నారు.

సాయంత్రం మసి మొహంతో వచ్చిన డోయల్, వరండా నిండా జనాన్నీ గిన్నెల్నీ చూసి గతుక్కుమన్నాడు.

"ఎవరు పోయారు?"

"ఇంకా ఎవరూ పోలేదు," అంది ఆల్టా. "నువ్వు చెప్పవయ్యా, ఈ పిల్లకేమైంది?"

డోయల్ భార్య వైపు చూశాడు. వర్నా కళ్లెర్రజేసింది. అతనికి ఒట్టు గుర్తొచ్చింది.

"దానికేం, బాగానే ఉంది. మాట్లాడటం లేదంతే."

"నాలుక పడిపోతే బాగానే ఉందంటాడు చూడు. గని దుమ్ము తలకెక్కింది."

పాస్టర్ క్లోవిస్ వర్నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, పాట ఎత్తాడు. మనిషి బంగారమే గానీ, ఆయనకూ శ్రుతికీ ఎప్పుడూ పడలేదు. మొదటి చరణం వర్నా పళ్లు బిగించి ఓర్చుకుంది. రెండో చరణంలో ఆయన కిందికి జారాడు, ఆయన వెంట ఊరంతా జారింది. చిన్నప్పటినుంచీ ఆ పాట ఎత్తే మనిషి ఇంకెంతసేపని కూర్చుంటుంది? లేచి నిలబడి గొంతెత్తింది.

ఆల్టా మోకాళ్ల మీద పడింది. పోయిన నాలుక తిరిగొచ్చిందని అందరూ ఏడ్చారు. ఇంకొకటి పాడమ్మా, ఇంకొక్కటి అంటూ గిన్నెలు ఖాళీ అయ్యేదాకా పాడించారు.

తెల్లారేసరికి వర్నా గొంతు కంకర మీద బండి లాగినట్టుంది. నాష్‌విల్ దాకా దారి పొడుగునా ఏడ్చింది. ఇక ఇంటికి పంపేస్తారనుకుంటూనే మైకు ముందు మొదటి పాట పాడింది. నిర్మాత అద్దం వెనక నుంచి బయటికొచ్చాడు.

"ఈ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచావమ్మా? మొన్నటిదాకా నువ్వు విస్కీ అంటే నాకు పాలు వినిపించేవి."

పాటలన్నీ ఆ రోజే పాడించేశాడు. ఆదివారం చర్చిలో, జరిగిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. నిజం చెప్పేద్దామని వర్నా లేచింది గానీ, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె తరఫున ఆల్టా చెప్పింది, చాలాసేపు.

ఆకులు రాలే రోజులకు రికార్డు వచ్చింది. చర్చి అల్మరాలో స్వస్థత సాక్ష్యాలు రాసిపెట్టిన పుస్తకాల పక్కన పెట్టారు. విన్నామని ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు గానీ, అట్ట అంచులు మాత్రం నాలుగు వైపులా అరిగిపోయాయి.