షుగర్‌కి సర్కారు ఉత్తర్వు

"వంద రోజుల్లో ప్రజలందరి షుగర్నీ అదుపులోకి తెస్తాం!" అని ఆరోగ్యమంత్రిగారు ప్రకటించిన రోజున, ఆసుపత్రి ల్యాబులో రక్తం పరీక్షించే నేను కూడా చప్పట్లు కొట్టాను.

మంత్రిగారు విషయం తెలుసుకోకుండా ఊరుకునే మనిషి కాదు. ఉత్తర్వులిచ్చాక తెలుసుకుంటారు. మా పెద్ద డాక్టరమ్మను పిలిపించారు.

"తిన్నాక షుగర్ పెరిగితే క్లోమం ఇన్సులిన్ వదులుతుందండీ. మరీ తగ్గితే ఇంకో హార్మోన్ పంపి, కాలేయంలో దాచిన చక్కెరని బయటికి తీయిస్తుంది," అందావిడ.

"ఎవరు ఆర్డరిస్తే?"

"ఎవరూ ఇవ్వరండీ. రక్తాన్ని చూసి అదే కనిపెట్టుకుంటుంది."

"పై అధికారి లేకుండానే?" మంత్రిగారు నొచ్చుకున్నారు.

"వేరే గ్రంథులు కొన్నింటికి పెద్ద ఉందండీ, పిట్యూటరీ. బఠాణీ గింజంత."

"అంతదానికి అంత పవరా! ఎవరి మనిషి?"

తొంభై రోజులు గడిచినా షుగర్ దిగిరాలేదు. అప్పుడు కార్యదర్శిగారు గొప్ప వైద్యం కనిపెట్టారు. 'నాలుగు వందల లోపు నార్మల్' అని కొత్త ఫారాలు అచ్చువేయించారు. ఒక్క పూటలో లక్షలమందికి నయమైపోయింది. రోగులే లేనప్పుడు మందెందుకని ఆసుపత్రుల్లో ఇన్సులిన్ వెనక్కి తీసేసుకున్నారు.

మంత్రిగారి డ్రైవరుకి చిన్నప్పట్నుంచీ ఇన్సులినే ఆధారం. అతని రక్తంలో మూడొందల ఎనభై చూసి, 'నార్మల్' అని రాసిచ్చాను.

"సూది మాత్రం మానకు తమ్ముడూ," అన్నాను గొంతు తగ్గించి.

"నేను మాననన్నా. ఇచ్చేవాడేడీ?" అన్నాడు.

విజయోత్సవం మా ఆసుపత్రి ముందే పెట్టారు. మంత్రిగారు కారు దిగి కెమెరాలకి దండం పెట్టారు. వెనకాలే దిగబోయిన డ్రైవరు, తలుపు పట్టుకుని అలాగే కూలబడ్డాడు.

"ఇన్సులిన్ తెండి!" డాక్టరమ్మ పరుగున వచ్చింది.

స్టోరు ఖాళీ. 'నార్మల్' అని రాసిచ్చింది నేనే కదా. అతన్ని లేవదీస్తుంటే వెనక సీటు కింద చిన్న ఐసు పెట్టె కనిపించింది. మూత తీశాను. నిండా ఇన్సులిన్ సీసాలు.

కెమెరాలన్నీ ఇటు తిరిగాయి.

"ఎవరివండీ ఇవి?" అన్నాడో విలేకరి.

మంత్రిగారు కారుకి రెండడుగులు దూరం జరిగారు. "నాకెందుకయ్యా అవి? డ్రైవరువి!" అన్నారు.

"మంచిదండీ," అంటూ డాక్టరమ్మ పెట్టె చంకన పెట్టుకుని స్ట్రెచర్ వెంట లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రానికి డ్రైవరు కళ్లు తెరిచాడు. వరండాలో మంత్రిగారు నాలుగో మంచినీళ్ల సీసా ఖాళీ చేస్తున్నారు. విలేకరులు వదలట్లేదు. డాక్టరమ్మ బయటికి రాగానే ఆయన దగ్గరికి జరిగి, గుసగుసగా అడిగారు.

"అమ్మా, అందులోంచి ఒక్క సీసా..."

"ఎవరికండీ?" అంది డాక్టరమ్మ, గట్టిగా.

మైకులన్నీ ముందుకి జరిగాయి.