అనుమతుల విభాగంలో మ్యువాన్ల ప్రవర్తన

కదలనిదాన్ని కొలవడానికి మనిషి కనిపెట్టిన సాధనాలన్నింటిలోకీ ఉత్తమమైనది, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఈ సత్యానికి మూలమైన ముక్క మా మేనకోడలి నోట బయటపడి, ఒక పరిపాలనాధికారి చెవిన పడింది. తర్వాత జరిగినదానికి విజ్ఞానశాస్త్రం బాధ్యత వహించదు.

మా మేనకోడలు పరిశోధనాలయంలో శాస్త్రవేత్త. ఒక రాడికల్ (అంటే జత దొరకని ఎలక్ట్రాన్ ఒకటి మిగిలిపోయిన అణువు, నాకూ అప్పుడే తెలిసింది) బాగా చల్లబరిస్తే గిర్రున తిరుగుతుందా, కాస్త ఊగి ఊరుకుంటుందా అన్నది మూడేళ్లుగా ఆ పిల్ల ప్రాణం తోడేస్తున్న ప్రశ్న. అది తేల్చే యంత్రం నెలాఖరుకి మరమ్మతు కోసం మూతపడుతుంది. మళ్లీ ఏడాదికిగానీ తెరవరు. ఈలోపు పిల్లకి కావలసింది యంత్రం మీద రెండు రోజులు, అనుమతుల విభాగం వారి సంతకం ఒకటి.

సంతకం కోసం వెళ్లి, ఆ విభాగాన్ని ఏలే పరిపాలనాధికారికి అంతా విడమరిచి చెప్పింది.

"మ్యువాన్లని చిన్న కణాలుంటాయి సార్. అన్నీ ఒకే దిక్కుకి ముఖం పెట్టి వస్తాయి. వచ్చి అణువుకి అతుక్కుంటే అది రాడికల్ అవుతుంది. అది కదిలేదాన్నిబట్టి వీటి దిక్కు చెదురుతుంది. రెప్పపాటు కూడా బతకవు పాపం. పోతూ పోతూ, అవి చూస్తున్న వైపుకే ఎక్కువగా ఇంకో కణాన్ని విసిరి పోతాయి. వాటిని లెక్కపెడితే లోపల ఏం కదులుతోందో తెలిసిపోతుంది."

అధికారి కళ్లు చెమర్చాయి. "ఎంత చక్కటి పద్ధతమ్మా! మా ఆఫీసులో ఎవరు కదులుతున్నారో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టడం లేదు."

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. కొత్తగా చేరినవారిని రోజుకొకరి చొప్పున అనుమతుల విభాగంలోకి పంపాలి. గుమ్మం దగ్గర కాపలాదారు భుజాలు పట్టుకుని, వారి ముఖాన్ని ఫైళ్ల బీరువా వైపు తిప్పాలి. లోపల ఎవరో ఒక ఉద్యోగికి అతుక్కుని కూర్చోవాలి. భోజనాల వేళకి ముందే బయటికి లాగేసి (చనిపోనక్కర్లేదని నిబంధనల్లో స్పష్టంగా ఉంది), ఎటు చూస్తున్నారో నమోదు చేయాలి. ఇందుకోసం దిక్కుల పర్యవేక్షకుడనే పదవి సృష్టించారు. (వారం తిరక్కుండా ఆయన దిక్కూ చెదిరింది. ఆయన్ని గమనించడానికి ఉప పర్యవేక్షకుణ్ని వేశారు.)

బీరువా వైపు చూస్తూ బయటపడినవారు ఒక్కరూ లేరు. అందరూ గోడ గడియారాన్ని చూస్తూనే వచ్చారు. ఒకాయన మాత్రం ఎవరో విసిరేసినట్టు నేరుగా క్యాంటీన్లోకి వెళ్లిపడ్డాడు.

మా పిల్ల ఊరుకోలేదు. "సార్, దిక్కు చెదరాలంటే లోపల ఏదో ఒకటి కదలాలి. ఏమీ కదలకపోతే చెదరదు."

"మా విభాగంలో ఏదీ కదలదమ్మా, ఆ పూచీ నాది," అన్నాడాయన. "అయినా చెదిరింది. అంటే మనం భౌతికశాస్త్రాన్ని దాటి ముందుకెళ్లాం."

"మరి నా సంతకం?"

"ప్రయోగం నడుస్తుండగా ఫైలు కదిపితే ఫలితాలు పాడైపోవూ?"

అది విని నాకు ఒళ్లు మండింది. పిల్ల మాత్రం రోజూ వెళ్లి, ఆ విభాగంలో ఒక మూల బల్ల మీద, తన ఫైలున్న బీరువాకేసి చూస్తూ కూర్చుంది. నెలాఖరు సాయంత్రం ఫోన్ చేశాను.

"యంత్రం ఆపేశారటే?"

"పొద్దున్నే ఆపేశారు మామయ్యా."

"మరింకా అక్కడేం చేస్తున్నావే?"

"ఊరికే. కిటికీ పక్క కుర్చీ ఖాళీ అయింది, గాలి బాగా వస్తోంది." మళ్లీ తనే అడిగింది. "టైమెంతయింది మామయ్యా? ఇక్కడి గడియారం ఆగిపోయినట్టుంది. పొద్దుట్నుంచి దాన్నే చూస్తున్నా."

టైము చెప్పి పెట్టేశాను.

పరిపాలనాధికారి నివేదికకి ఒక్క పూటలో ఆమోదం దొరికింది. అందులో మా మేనకోడలికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పారు. దిక్కు చెదరకుండా అన్ని రోజులు నిలిచిన మ్యువాన్ ఆ విభాగానికి ఇంతవరకు రాలేదట.