ఎర్ర కప్పుల క్లాసు

ఆ రోజు కెజియా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. నాలుగో తరగతి పిల్లలు కాగితం రొట్టెలు చింపుతూ భిన్నాలు నేర్చుకోవాలి. పరీక్ష అనే మాట ఎత్తకుండా, వాళ్లు పనిలో ఉండగానే ఎవరికి ఎంత వచ్చిందో తను తెలుసుకోవాలి. అందుకని ఒక్కొక్కరికి రెండు కాగితపు కప్పులు ఇచ్చింది. అర్థమైతే బల్లమీద ఆకుపచ్చది బోర్లించాలి, కాకపోతే ఎర్రది. ఎర్రది కనబడితే మిస్ వచ్చి పక్కన కూర్చుంటుంది. నార్సింగి బడిలో ఆమె ఉద్యోగం ఖాయం కావాలంటే, వారం చివర ప్రిన్సిపాల్ సోమేశ్వరరావు ఈ క్లాసు చూసి సరేననాలి.

మొదటిరోజు భానుశ్రీ ఒక్కతే ఎర్రది పెట్టింది. కెజియా పక్కన కూర్చుని ఓపిగ్గా మళ్లీ చెప్పింది. ఒంగోలు నుంచి ఈ నగరానికి వచ్చి రాయదుర్గం హాస్టల్లో పడ్డాక ఆమె ఒకరి పక్కన కూర్చుని మాట్లాడటం అదే మొదలు. చెప్పకూడదుగానీ, అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే కూర్చుంది.

మర్నాడు భానుశ్రీ కూర్చునే వరుసంతా ఎర్రబడింది. కెజియా కంగారుపడి, మూడోరోజు నిజమైన చపాతీలే తెచ్చి, ప్రతి బల్ల దగ్గరా కూర్చుని తుంచి చూపించింది. ఎర్ర కప్పులు ఇంకా పెరిగాయి. వారం చివర సోమేశ్వరరావు గుమ్మంలో నిలబడేసరికి క్లాసులో ఆకుపచ్చ మచ్చుకైనా లేదు.

"ఏందమ్మా ఇది? ఒక్కరికి గూడ రాలేదా?"

"మొదటిరోజు బాగానే చేశారండి," అంది కెజియా.

ఆయన భానుశ్రీ ముందు ఆగాడు. "సగం పెద్దదా, మూడోవంతు పెద్దదా?"

"సగం సార్."

"సగంల సగం?"

"పావు సార్."

వరుసగా అందరినీ అడిగాడు. అందరూ టకటకా చెప్పారు.

"మరి అన్నీ వచ్చినంక ఎర్రది ఎందుకు పెట్టిన్రు?"

పిల్లలంతా భానుశ్రీ వైపు చూశారు. "ఆకుపచ్చది పెడితే మిస్ రాదు సార్," అంది ఆ పిల్ల. "మా ఇంట్ల మమ్మీ, డాడీ ఎప్పుడూ ఆఫీసు కాల్స్‌లనే ఉంటరు. పక్కన ఎవరూ కూర్చోరు."

సోమేశ్వరరావు కాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఉద్యోగం పోయిందనే అనుకుంది కెజియా.

"పిల్లలకు లెక్కలొచ్చినయ్. నీ ఉద్యోగానికి ఫికర్ లేదు," అన్నాడాయన. "జర ఆకుపచ్చ పెట్టినోళ్ల పక్కన గూడ కూసో."

ఆ సంగతి చెప్పుకోవడానికి సాయంత్రం హాస్టల్ మెస్‌లో ఎవరూ లేరు. బల్లనిండా మనుషులున్నారు, అందరి చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లున్నాయి. కెజియాకు ఏడుపొచ్చినంత పనైంది. సంచిలోంచి ఎర్ర కప్పు తీసి కంచం పక్కన బోర్లించింది.

ఎదుటి అమ్మాయి ఒక ఇయర్‌ఫోన్ తీసింది. "ఏంటండీ అది?"

ఆ చిన్న ప్రశ్నకు కెజియా, ఇద్దరి అన్నాలూ చల్లారిపోయేదాకా జవాబు చెప్పింది.