డబ్బా లేని సైలెన్సర్

ఆ శనివారం ఉదయం రఘురామ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. సనత్‌నగర్ వెళ్ళి కారుకి కొత్త సైలెన్సర్ పెట్టించుకోవాలి. మరదలు సుమశ్రీని చూడటానికి పెళ్ళివారు వచ్చే వేళకి అమీర్‌పేటలోని ఇంటికి చేరి, చొక్కా మార్చుకుని, ఏమీ ఎరగనట్టు సోఫాలో కూర్చోవాలి. భార్య మంజూషకి మాత్రం సర్వీసింగ్ అని చెప్పాడు. కారు కింద మనిషి దూరి ఏం చేసినా సర్వీసింగే కదా అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు.

ఆ రోజుల్లో అమీర్‌పేటలో గోడ కనిపిస్తే చాలు, జావా నేర్పుతామనో టెస్టింగ్ నేర్పుతామనో పోస్టరు ఉండేది. అలా నేర్చుకునే రఘురామ్ ఉద్యోగస్తుడయ్యాడు, ఆ ఉద్యోగంతోనే సెకండ్ హ్యాండ్‌లో టర్బో ఉన్న డీజిల్ కారు కొన్నాడు. కొన్ననాటి నుంచి ఆఫీసులో ఖాళీ దొరికితే ఇంటర్నెట్‌లో కార్ల పిచ్చివాళ్ళ చర్చలు చదవడమే పని. ఇంజిన్ వదిలే పొగే, దానికి అదనపు బలమిచ్చే టర్బోని తిప్పుతుందనీ, ఆ పొగ ఎంత సులువుగా బయటపడితే బండి అంత హుషారుగా పోతుందనీ తెలుసుకున్నాడు. కంపెనీవాళ్ళు పెట్టిన సన్నటి పైపు తన కారు గొంతు నొక్కేస్తోందని అతనికి నమ్మకం కుదిరింది.

కుదరనిది బడ్జెట్టు ఒక్కటే. టర్బో దగ్గర్నుంచి తోక దాకా మొత్తం స్టీలు పైపు వేయించడం అతని జీతానికి మించిన పని. వెనక చివర మోత తగ్గించే డబ్బా ఒక్కటి మారిస్తే శబ్దం మారుతుంది తప్ప బండి మారదు. మిగిలింది మధ్యే మార్గం, కారు నడుము నుంచి వెనకదాకా వెడల్పాటి పైపు వేసి, లోపల మోత రాకుండా మధ్యలో ఇంకో చిన్న డబ్బా పెట్టించడం. ఆ చిన్న డబ్బా మాత్రం మానేయొద్దని ఇంటర్నెట్‌లో అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే.

సనత్‌నగర్ షెడ్డులో మెకానిక్ ఐలయ్య ఆ డబ్బా సంగతి విని పెదవి విరిచాడు. అసలు విషయం ఏమిటంటే, అతని దగ్గర ఆ రోజు అలాంటి డబ్బా లేదు.

"డబ్బా దేనికన్నా, ఉత్త బరువు. సీదా పైపు కొట్టిస్తే బండి మస్తు ఉరుకుతది. సప్పుడు సుత జర గంభీరంగ ఉంటది, గంతే," అన్నాడు.

ఆ మాట తప్పని రఘురామ్‌కి తెలుసు. కానీ డబ్బా తీసేస్తే ఖర్చు సరిగ్గా జేబుకి సరిపోతోంది. తెలిసి తెలిసీ తలూపాడు.

వెల్డింగ్ పూర్తయి తాళం తిప్పాక అర్థమైంది, గంభీరం అనే మాటకి ఐలయ్య నిఘంటువులో అర్థం వేరని. బయట నిలబడ్డవాళ్ళకి ఏదో పెద్ద బండి వస్తోందనిపించే శబ్దమే. లోపల కూర్చున్నవాడికి మాత్రం రోట్లో తల పెట్టినట్టే ఉంది. నెమ్మదిగా పోతే మోత ఇంకా ఎక్కువ. అమీర్‌పేటలో నెమ్మదిగా కాక ఇంకోలా పోవడం ఎవరి తరమూ కాదు. ఒక కోచింగ్ సెంటరు ముందు సిగ్నల్ పడితే, పై అంతస్తులో పాఠం ఆపేసి మాస్టారు కిటికీలోంచి తొంగి చూశాడు. ఆయన వెనక నుంచి విద్యార్థులు చేతులు ఊపారు.

జేబులో ఫోన్ వణికింది. ఇంజిన్ ఆపితే గానీ మంజూష మాట వినపడలేదు. పెళ్ళివారు ముందే వచ్చేశారట. పెళ్ళికొడుకు తేజ, వాళ్ళమ్మ కమలకుమారి గారు ఇంట్లో కూర్చున్నారట. తండ్రి కామరాజు గారు మాత్రం పాత స్నేహితుణ్ణి చూడ్డానికి పంజాగుట్టలో దిగారు, చౌరస్తాలో ఎదురుచూస్తున్నారు, వెంటనే వెళ్ళి తీసుకురావాలి.

"ఆయన చాలా పట్టింపు మనిషట. ఏం అడిగినా కాదనకండి," అంది మంజూష.

కామరాజు గారు కాకినాడలో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. తన తరగతిలో సూది పడినా వినిపించేది కనుక, ఆయనకి గొంతు పెంచే అవసరం ఎన్నడూ రాలేదు. అడిగిన ప్రశ్న రెండోసారి అడగడమూ, వినపడలేదని ఒప్పుకోవడమూ రెండూ ఆయనకి నామోషీ. కారెక్కి, తలుపు వేసుకుని, మోత మొదలవగానే ఒకసారి కనుబొమలు ముడిచి, ఆ తర్వాత తన మామూలు మంద్రస్వరంలో సంభాషణ ప్రారంభించారు.

రఘురామ్‌కి ఆయన పెదాలు కదలడం కనిపించింది. చివర 'మానేస్తుందా' అన్న ఒక్క ముక్క చెవిన పడింది. మోత గురించే అడుగుతున్నారనుకుని సిగ్గుతో చచ్చిపోయాడు.

"మానేస్తుందండీ," అని అరిచాడు. "రెండు రోజులు ఆగితే అదే మానేస్తుంది."

కామరాజు గారు తృప్తిగా తలూపారు. మరికొంత దూరం పోయాక ఇంకేదో అడిగారు. ఈసారి 'ఎక్కువా' అనే మాట దొరికింది. పొగ ఎక్కువా అని అడిగి ఉంటారు.

"అబ్బే, గట్టిగా తొక్కితేనే వస్తుందండీ. లేకపోతే అసలు కనపడదు," అన్నాడు రఘురామ్.

ఆయన అతనివైపు తిరిగి కాసేపు అలాగే చూశారు. 

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి కారు దిగగానే వాచ్‌మన్ రాజనర్సయ్యకి జనరేటర్ ఆన్ అయినట్టు వినిపించింది. కరెంటు పోయిందనుకుని పరుగున వెళ్ళి బిల్డింగు కరెంటుని జనరేటర్‌కి కలిపే హ్యాండిల్ తిప్పేశాడు. అసలు ఆగి ఉన్న జనరేటర్ కరెంటు ఎక్కడినుంచి ఇస్తుంది? బిల్డింగంతా చీకటైంది, లిఫ్టు ఆగిపోయింది. కామరాజు గారు నాలుగో అంతస్తు దాకా మెట్లెక్కారు. వెనక రఘురామ్ క్షమాపణలు చెబుతూనే ఉన్నాడు, కానీ ఆయనకి తన ఆయాసమే సరిపోయింది.

పైకి వచ్చి, మంచినీళ్ళు తాగి, తువ్వాలుతో మెడ తుడుచుకుని, ఆయన అందరూ వినేలా చెప్పారు. "రఘురామ్ గారు దాపరికం లేని మనిషి. దారిలోనే అన్నీ చెప్పేశారు. అమ్మాయి రెండు రోజుల్లో ఉద్యోగం తనంతట తనే మానేస్తుందట. కోపం సంగతి అడిగాను. గట్టిగా తొక్కితేనే వస్తుందట."

కాఫీ ట్రేతో వస్తున్న సుమశ్రీ ఆగిపోయింది. మాదాపూర్‌లో ఆ ఉద్యోగం కోసం ఆమె ఎన్ని ఇంటర్వ్యూలు తిరిగిందో ఇంట్లో అందరికీ తెలుసు. ట్రే బల్లమీద పెట్టిన చప్పుడులో కోపం తొక్కకుండానే వచ్చింది. మంజూష భర్తవైపు చూసిన చూపుకి అతనికి గోడలోకి దూరిపోవాలనిపించింది.

ఇక దాచి లాభం లేదు. రఘురామ్ సైలెన్సర్ సంగతి, మానేసిన డబ్బా సంగతి, సర్వీసింగ్ అబద్ధంతో సహా అంతా చెప్పేశాడు. తనకి ఒక్క ప్రశ్నా వినపడలేదన్నాడు. కామరాజు గారు నమ్మలేదు. తన మాట వినపడకపోవడమనేది ముప్ఫై ఏళ్ళ సర్వీసులో జరగలేదన్నారు.

"అయితే రండి, వినండి," అంది సుమశ్రీ, బావ చేతిలోంచి తాళాలు లాక్కుని.

అందరూ సెల్లార్‌లోకి దిగారు. కామరాజు గారు ముందు సీట్లో కూర్చున్నారు. స్టీరింగ్ ముందు సుమశ్రీ కూర్చుని ఇంజిన్ స్టార్ట్ చేసింది. రాజనర్సయ్య మళ్ళీ హ్యాండిల్ వైపు పరుగెత్తబోతే రఘురామ్ చెయ్యి పట్టి ఆపాడు. ఆ మోతలో సుమశ్రీ పెద్దాయనవైపు తిరిగి, మామూలు గొంతుతో, ఎంతో వినయంగా ఏదో అడగడం అందరూ అద్దంలోంచి చూశారు. ఆయన ఒక్క క్షణం తటపటాయించి, హుందాగా రెండుసార్లు తలూపారు.

ఆమె ఇంజిన్ ఆపేసి తలుపు తీసింది.

"పెళ్ళయ్యాక కూడా ఉద్యోగం చేస్తాను, మీకు సమ్మతమేనా అండీ అని అడిగాను. సమ్మతమే అన్నారు," అంది.

కామరాజు గారి ముఖం ఎర్రబడింది. తనకేమీ వినపడలేదనబోయి, నోరు తెరిచాక ఆ మాట ఎక్కడికి దారి తీస్తుందో తోచి ఆగిపోయారు. తేజ మొదటిసారిగా పెదవి విప్పి, ఉద్యోగం మానమని తనసలు ఎప్పుడూ అనలేదన్నాడు. కమలకుమారి గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ, ఆవిడ భుజాలు కదులుతూనే ఉన్నాయి.

"అందరి ఎదుటా తలూపారు. హెడ్మాస్టరు గారు మాట తప్పరు," అన్నారావిడ.

కాసేపటికి కాఫీ మళ్ళీ వేడి చేసి తెచ్చారు. కామరాజు గారు దాన్ని తాగి, ముహూర్తాలు తర్వాత ఫోన్‌లో మాట్లాడుకుందామన్నారు. ఫోన్‌లో అయితే చక్కగా వినపడుతుందని కూడా అన్నారు. లక్డీకాపూల్‌లోని హోటల్ దాకా దిగబెడతానని రఘురామ్ లేస్తే, రెండు చేతులూ అడ్డం పెట్టి వద్దన్నారు.

వాళ్ళు ఆటోలోనే వెళ్ళారు. ఎక్కే ముందు కామరాజు గారు డ్రైవర్‌ని ఒకసారి ఇంజిన్ స్టార్ట్ చేసి వినిపించమన్నారు.